ఊరి లెక్క, దారి లెక్క: గుంటూరు, ప్రకాశం మైదానాలలో చిన్న గ్రామాల జనాభా - రవాణా సౌకర్యం

(ప్రత్యేక వ్యాసం)

గుంటూరు: ఒక చిన్న గ్రామానికి రోడ్డు ఎందుకు వేయలేదని పాత్రికేయులు ప్రశ్నించినప్పుడు సంబంధిత అధికారుల నుండి తరచుగా వచ్చే సమాధానం ఒక అంకె. అక్కడ జనాభా 500 లేదు అన్నదే ఆ సమాధానం. ఆ గ్రామంలో జనాభా ఎందుకు తగ్గినదని గ్రామస్తులను ప్రశ్నిస్తే వారు చెప్పేది రోడ్డు లేదని. ఈ రెండు సమాధానాలలో దేనిలోనూ అసత్యం లేదు. అయితే రెంటినీ పక్కపక్కన ఉంచి చూచినప్పుడు, ప్రభుత్వ ప్రణాళికలకు ఆధారమైన అంకె ఎప్పటిది, ఎక్కడ తీసినది, ఎవరిని లెక్కించినది అనే ప్రశ్న తప్పక తలెత్తుతుంది. ఆ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశము.

ఈ పరిశీలనకు ఇది తగిన సమయం. 2021లో జరుగవలసిన జనాభా లెక్కల సేకరణ కోవిడ్ కారణంగా వాయిదా పడినది. 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా తీసుకొని తదుపరి లెక్కల సేకరణ జరపాలని కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 16న నోటిఫికేషన్ వెలువరించినది. ఇళ్ల జాబితా తయారీకి 2026 ఏప్రిల్ - సెప్టెంబరు మధ్య కాలాన్ని, జనాభా గణనకు 2027 ఫిబ్రవరి మాసాన్ని నిర్ణయించడం జరిగినది. అనగా 16 సంవత్సరాల పాటు మన గ్రామాలన్నింటికీ 2011 నాటి అంకెలే ఆధారం. కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదించిన ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన 4వ దశలో 70,125 కోట్ల రూపాయల వ్యయంతో 62,500 కిలోమీటర్ల రోడ్లు నిర్మించి, దేశంలో రోడ్డు లేని 25,000 ఆవాసాలను కలపాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ ఆవాసాల అర్హతను నిర్ణయించేది కూడ 2011 జనాభాయే.

సడక్ యోజన 2000 డిసెంబరు 25న ప్రారంభమైనది. మైదాన ప్రాంతాలలో 500, కొండ, ఎడారి, 5వ షెడ్యూలు గిరిజన ప్రాంతాలలో 250 జనాభా గల ఆవాసాలకు అన్ని ఋతువులలోను పనికివచ్చే రోడ్డు వేయడం దాని మూల సూత్రం. ఇక్కడ పాత్రికేయ మిత్రులు గమనించవలసిన అంశం, ఈ పథకానికి ప్రమాణం రెవెన్యూ గ్రామం కాదు, గ్రామ పంచాయతీ కూడ కాదు, ఆవాసం. ఒక రెవెన్యూ గ్రామంలో ప్రధాన గ్రామంతో పాటు శివారు పల్లె, తండా, వేరుగా ఉన్న కాలనీ ఉండవచ్చును. వాటిలో ఒక్కొక్కటి ఒక ఆవాసం. జనాభా లెక్కల వారు గ్రామాల వారీగా ప్రచురించే పట్టికలో మాత్రం రెవెన్యూ గ్రామం అంకె మాత్రమే కనబడుతుంది. 4,000 మంది గల గ్రామంలో మూడు కిలోమీటర్ల దూరాన 400 మంది తండా ఉన్నదనుకుందాం. ప్రచురిత పట్టికలో ఆ తండా లేదు. ఆ గ్రామానికి రోడ్డు ఉన్నదా అని చూస్తే, ఉన్నది. సడక్ యోజన జాబితాలో చూస్తే తండా ఉన్నది కాని, 500 లేదు. ఈ విధంగా రెండు రికార్డులలోను సమస్య లేనట్లే కనబడి, తండా వారికి మాత్రం దారి ఉండదు.

పథకం మార్గదర్శకాలలోనే దీనికి కొంత వెసులుబాటు ఉన్నది. 500 మీటర్ల దూరంలోపు ఉన్న ఆవాసాల జనాభాను కలిపి ఒకటిగా లెక్కించవచ్చును. ఈ నిబంధన ఎరిగి మండల స్థాయి అధికారులు ప్రతిపాదనలు పంపిన చోట చిన్న పల్లెలు కూడ అర్హత పొందుతాయి. దీనిని గమనించక ఒక్కొక్క పల్లెను విడివిడిగా చూపితే అన్నీ గీత కిందకు జారిపోతాయి.

పల్నాడు ప్రాంతంలోని బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి మండలాలలో సుగాలి తండాలు గణనీయంగా ఉన్నాయి. తండా వాసులు షెడ్యూల్డు తెగలకు చెందిన వారే అయినా, వారు నివసించే నేల 5వ షెడ్యూలు ప్రాంతం కాదు. అందుచేత వారికి 250 గీత వర్తించక, గుంటూరు మైదానానికి వర్తించే 500 గీతయే వర్తించినది. తెగను బట్టి ఇచ్చే హక్కులు ఒక లెక్క, ప్రాంతాన్ని బట్టి ఇచ్చే సౌకర్యాలు వేరొక లెక్క. ఈ తేడా తెలియక పల్నాడు నుండి వచ్చే వినతిపత్రాలలో అధిక భాగం తప్పు నిబంధనను ఉటంకిస్తూ ఉంటాయి. అవి తిరస్కరణకు గురయ్యేది కూడ అందువల్లనే. తరువాతి కాలంలో ఈ గీత కొంత కిందికి దిగినది. ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు 2018లో ఆమోదించిన 45.5 కోట్ల డాలర్ల ఋణంతో చేపట్టదలచిన రాష్ట్ర గ్రామీణ రోడ్ల ప్రాజెక్టులో 250కి మించిన జనాభా గల సుమారు 3,300 ఆవాసాలను 6,000 కిలోమీటర్ల రోడ్లతో కలపాలని లక్ష్యం. 2023 నవంబరులో ప్రారంభమైన పి.ఎం. జన్‌మన్ పథకంలో అత్యంత వెనుకబడిన గిరిజన తెగల ఆవాసాలకు 100 జనాభా చాలును. నల్లమల అంచున ఉన్న చెంచు గూడేలకు వర్తించేది ఇదే. కావున ఏ పల్లె ఏ పథకం కిందకు వస్తుందో ముందుగా తేల్చుకొనుట సగం పని అయినట్లే.

రోడ్డుకు మాత్రమే కాదు, ప్రతి సౌకర్యానికీ ఒక అంకె ఉన్నది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉప కేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 2019 అక్టోబరు 2న ప్రారంభించిన గ్రామ సచివాలయాలకు ప్రమాణం 2,000 జనాభా. ఈ గీతలకు కింద ఉన్న పల్లె వారు ఆ సేవలను పొందాలంటే పక్క ఊరికి వెళ్లాలి. కాబట్టి చిన్న ఊరికి పెద్ద ఊరికంటె దారి అవసరం ఎక్కువ. మన ప్రమాణాలు మాత్రం పెద్ద ఊరికి ముందు దారి వేయమంటాయి. పరిమిత నిధులతో ఎక్కువ మందికి మేలు చేయాలన్న దృష్టితో చేసిన నిబంధన గనుక దానిని తప్పు పట్టలేము గాని, పాతికేళ్ల తరువాత మిగిలిపోయిన పల్లెలన్నీ ఈ నిబంధన వల్ల మిగిలినవే అన్న సంగతిని విస్మరించరాదు.

ఉమ్మడి గుంటూరు జిల్లా జనాభా 2001లో 44,65,144, 2011లో 48,87,813. పెరుగుదల 9.47 శాతం. పెరిగిన 4.22 లక్షలలో అత్యధిక భాగం పట్టణాలలోనిదే. పట్టణ జనాభా సుమారు 29 శాతం నుండి 33.81 శాతానికి చేరగా, గ్రామీణ జనాభా పదేళ్లలో లక్ష కూడ పెరగక 32.35 లక్షల వద్ద ఉన్నది. పట్టణాల హద్దులు పెరగడం కూడ దీనికి కొంత కారణమే. గ్రామాలన్నీ ఒకే తీరున నిలిచిపోయినవని దీని అర్థం కాదు. పెద్ద రోడ్డు పక్కన ఉన్నవి పెరిగినవి, లోపల ఉన్నవి తరిగినవి, మొత్తం మీద అంకె కదలలేదు. ప్రకాశం జిల్లాలో విస్తీర్ణం ఎక్కువ, జనం తక్కువ. 2011లో 33,97,448 మంది 17,626 చదరపు కిలోమీటర్లలో ఉన్నారు. చదరపు కిలోమీటరుకు 193 మంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ తేడా మరింత స్పష్టమైనది. విభజన నాటికి కొత్త గుంటూరు జిల్లాకు 2,443 చదరపు కిలోమీటర్లలో సుమారు 20.91 లక్షల జనాభా, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాకు 7,298 చదరపు కిలోమీటర్లలో సుమారు 20.42 లక్షల జనాభా వచ్చినది. జనం దాదాపు సమానం, నేల మూడింతలు. పల్నాడులో ఒక కిలోమీటరు రోడ్డు వేస్తే దాని మీద నడిచే వారి సంఖ్య తెనాలి వైపు కంటె సహజంగానే తక్కువ. తలసరి ఖర్చు లెక్కకట్టిన ప్రతిసారి పల్నాడు వెనుకబడుతుంది. మాచర్ల వారు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి గుంటూరు కలెక్టరేటుకు రావలసిన అవసరం జిల్లా విభజనతో తప్పినది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడినప్పుడు కూడ ఉద్దేశం ఇదే. కార్యాలయం దగ్గరకు వచ్చినది. అయితే ఊరి నుండి మండల కేంద్రానికి వెళ్లే ఏడెనిమిది కిలోమీటర్ల దారి మాత్రం కార్యాలయాన్ని మార్చినంత సులభంగా మారదు.

నల్లరేగడిలో దారి

ఇందుకు మొదటి కారణం నేల. ఈ జిల్లాలకు ప్రత్తిని, మిరపను ఇచ్చిన నల్లరేగడి నేల రోడ్డుకు మాత్రం శత్రువు. నీరు తగిలితే ఉబ్బి, ఎండకు కుంచించుకొని, జానెడు వెడల్పున నెర్రెలు విచ్చే స్వభావం దానిది. ఇంజనీర్లు నేల బలాన్ని కొలిచే సి.బి.ఆర్. విలువ తడిసిన రేగడిలో 2, 3 శాతానికి మించదు. అందువలన ఎర్రమట్టి నేలలో సరిపోయే మందం ఇక్కడ సరిపోదు. కింద గ్రావెల్ పొర మందంగా పరచాలి, లేదా సున్నంతో మట్టిని స్థిరపరచాలి, అన్నింటికంటె ముఖ్యంగా పక్క కాలువలు తవ్వి నీటిని నిలువనీయరాదు. ఊరి నడుమ సిమెంటు రోడ్డు వేసి పక్క కాలువ వేయకపోతే ఆ నీరు ఊరి బయటి తారు రోడ్డు కిందికి చేరి, రెండు వర్షాకాలాలలో దానిని పాడు చేస్తుంది. సిమెంటు రోడ్డు ఒక పద్దులో, తారు రోడ్డు ఇంకొక పద్దులో ఉన్నందున ఈ రెండింటికీ ఉన్న సంబంధం ఏ నివేదికలోనూ కనబడదు.

ఈ ప్రాంతంలో రోడ్లలో చాలా వరకు పూర్వం డొంకలే. రెవెన్యూ పటంలో డొంకగా ఉన్న దారి బండ్లు నడిచి నడిచి రెండు వైపులా పొలాలకంటె పల్లమై ఉంటుంది. వానాకాలంలో అదే కాలువ. దానిపై గ్రావెల్ పోసినంత మాత్రాన రోడ్డు కాదు. ఎత్తు పెంచాలి, వాగు దాటే చోట కట్టడం ఉండాలి. ఓగేరు, కుప్పగంజి, నాగులేరు, చంద్రవంక, గుండ్లకమ్మ వంటి వాగులు, వాటిలో కలిసే పేరులేని వాగులు సంవత్సరంలో పది నెలలు కాలు తడవకుండా దాటదగినవే. మిగిలిన రెండు నెలల కోసం వంతెన కట్టడం వ్యయంతో కూడుకున్నదని చప్టాతో సరిపెట్టడం పూర్వం నుండి ఉన్న పద్ధతి. చప్టా మీద నీరు పారే రోజులు సంవత్సరంలో కొద్దివే కావచ్చును. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు వచ్చి ఆగేది ఆ చప్టా అవతలి గట్టునే.

ఈ సందర్భంలో ఒక స్వానుభవం చెప్పవలసి ఉన్నది. 1990 దశకం చివరిలో, ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, పల్నాడులోని ఒక చిన్న గ్రామంలో జన్మభూమి గ్రామసభకు అధికారుల బృందంతో వెళ్లడం జరిగినది. ముందు రోజు రాత్రి వాన పడినది. ఊరు రెండు కిలోమీటర్లు ఉన్నదనగా జీపు రేగడిలో దిగబడినది. గ్రామస్తులు రెండెడ్ల బండి తెచ్చి అధికారులను ఊరికి తీసుకొని వెళ్లినారు. సభలో రోడ్డు గురించి ఎవరూ మాట్లాడకపోవడం చూచి ఆశ్చర్యపడి, తిరిగి వచ్చేటప్పుడు బండి తోలిన పెద్దాయనను అడుగగా, "మీరు వచ్చిన దారే కదయ్యా, మేము వేరే చెప్పాల్నా" అన్నారు. మరునాటి పత్రికా ప్రకటనలో సభ విజయవంతమైనదని వ్రాసినది ఈ వ్యాసకర్తయే. దారి సంగతి అందులో లేదు.

ఆ ఊరికి తరువాత తారు రోడ్డు వచ్చినది. వచ్చిన తరువాత ఏమి జరిగినదో కూడ చెప్పాలి. రోడ్డు వస్తే జనం ఊరిలో నిలుస్తారని మనం సాధారణంగా అనుకుంటాము. అక్కడ రోడ్డు వచ్చిన తొలి సంవత్సరాలలో పిల్లల చదువుల కోసం నరసరావుపేటకు, గుంటూరుకు మారిన కుటుంబాలు ఎక్కువ. దారి ఊరిలోకి తెచ్చినంత సులభంగా ఊరిలో నుండి తీసుకొని పోతుంది. అయితే పోయిన వారిలో పలువురు పొలం అమ్ముకొనలేదు. వారానికి రెండు, మూడు సార్లు మోటారు సైకిల్ మీద వచ్చి సేద్యం చూచుకొని వెళుతున్నారు. ఊరిలో ఇల్లు ఉన్నది, తాళం ఉన్నది. జనాభా లెక్కలో వారు పట్టణ వాసులు. మిరప పంట లెక్కలో ఆ ఊరి రైతులు. రోడ్డు అవసరం వారికీ ఉన్నది. జనాభా గీతతో మాత్రమే రోడ్డును కొలిచే పద్ధతిలో వీరికి చోటు లేదు.

బస్సు

రోడ్డు ఉండుట వేరు, బస్సు వచ్చుట వేరు. 1958లో ఏర్పడిన ఆర్టీసీ దశాబ్దాల పాటు పల్లెలకు రాత్రి నిలిచే బస్సులు నడిపినది. సాయంత్రం ఊరికి చేరి, రాత్రి అక్కడే ఆగి, తెల్లవారుజామున బయలుదేరే ఆ బస్సు కూరగాయల వారికి, ఆసుపత్రికి వెళ్లేవారికి, కాలేజీ పిల్లలకు సరిపోయే వేళకు పట్టణం చేరేది. ప్రయాణికుల సంఖ్య తగ్గిన రూట్లలో ట్రిప్పులు తగ్గించుట, ట్రిప్పులు తగ్గినందున ప్రయాణికులు షేర్ ఆటోలకు మరలుట, తిరిగి ఆక్యుపెన్సీ పడిపోవుట అనే క్రమం అందరికీ తెలిసినదే. రోజుకు రెండు సార్లు, అది కూడ పది గంటల తరువాత వచ్చే బస్సు ఉద్యోగికి గాని విద్యార్థికి గాని పనికి రాదు. సంస్థ ఉద్యోగులు 2020 జనవరి 1 నుండి ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో విలీనమైనారు. నష్టం వచ్చే రూటు విషయమై నిర్ణయం డిపో స్థాయిలోని వ్యాపార నిర్ణయమా, ప్రభుత్వ సేవా నిర్ణయమా అన్న ప్రశ్న విలీనంతో మరింత ముఖ్యమైనది.

2025 ఆగస్టు 15న ప్రారంభించిన స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణ సౌకర్యం కల్పించడం జరిగినది. మిరప కోతకు, ప్రత్తి తీతకు ఊరూరు తిరిగే మహిళా కూలీలకు, పట్టణంలో చదివే బాలికలకు దీనివలన ఆదా అయ్యే మొత్తం చిన్నది కాదు. అయితే ఈ ప్రయోజనం బస్సు వచ్చే ఊరి మహిళకు చేరినంతగా బస్సు రాని ఊరి మహిళకు చేరదు. ఆమె ముందుగా ఆటోకు డబ్బు ఇచ్చి రోడ్డెక్కిన తరువాతనే ఉచిత టిక్కెట్టు లభిస్తుంది. పథకం అమలు తీరును వ్రాసే పాత్రికేయులు మొత్తం టిక్కెట్ల సంఖ్యతో పాటు డిపోల వారీగా పల్లె వెలుగు బస్సులు వెళ్లని ఆవాసాల జాబితాను కూడ అడిగి తీసుకొనుట మంచిది. ఆ జాబితా లేకపోతే తయారు చేయించుట అధికారుల బాధ్యత.

సడక్ యోజన రోడ్డు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. మిరప కోతల కాలంలో టిక్కీలు ఎత్తుకున్న ట్రాక్టరుకు ఎదురుగా బస్సు వస్తే ఒకటి మార్జిన్ దిగాలి. రేగడి మార్జిన్ తడిసి ఉంటే దిగిన బండి తిరిగి ఎక్కదు. బస్సు తిప్పుకొనుటకు ఊరిలో జాగా లేకపోవడం మరొక ఇబ్బంది. ఇవి చిన్న విషయాలుగా కనబడినా, బస్సు రద్దు కావడానికి ఇవి చాలును.

కోతల కాలపు జనాభా

ఇక అసలు చిక్కు జనాభా లెక్క తీసే కాలంలో ఉన్నది. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు గుంటూరు, పల్నాడు, ప్రకాశం గ్రామాలలో మిరప కోతలు సాగుతాయి. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుండి కుటుంబాలు పిల్లలతో సహా కోతలకు వచ్చి, పొలాల గట్లపై, ఊరి బయట గుడిసెలు వేసుకొని రెండు మూడు నెలలు ఉంటారు. 800 మంది ఉన్న ఊరికి మూడు నాలుగు వందల మంది అదనంగా వచ్చినా వింత లేదు. 2011లో జనాభా గణన ఫిబ్రవరి 9 నుండి 28 వరకు జరిగినది. 2027లో కూడ ఫిబ్రవరియే. అనగా కోతలు ముమ్మరంగా సాగే మాసం.

జనాభా లెక్కల నియమం ప్రకారం, గణన కాలంలో కొద్ది రోజులైనా తన సొంత నివాసంలో ఉన్న వ్యక్తిని అక్కడే లెక్కించాలి. గణన కాలమంతా సొంత ఊరికి దూరంగా ఉన్న వ్యక్తిని, ఉన్న చోటనే లెక్కించాలి. నియమంలో లోపం లేదు. దాని ఫలితం మాత్రం విచిత్రంగా ఉంటుంది. ఫిబ్రవరి అంతా పల్నాడు పొలంలో ఉన్న కోసిగి కూలీని ఎన్యూమరేటరు సక్రమంగా నమోదు చేస్తే, పల్నాడు గ్రామం జనాభా పెరిగి, ఆమె సొంత ఊరి జనాభా తగ్గుతుంది. పొలం గట్టు మీది గుడిసెల వరకు ఎన్యూమరేటరు వెళ్లకపోతే ఆమె ఏ ఊరిలోనూ ఉండదు. ఒక రోడ్డుకు 500 గీత నిర్ణాయకమైనప్పుడు, ఒక పక్క నలభై మంది పెరిగి, మరొక పక్క నలభై మంది తగ్గితే రెండు చోట్లా తప్పు నిర్ణయం జరుగవచ్చును. కర్నూలు ఊరికి దీని నష్టం ఎక్కువ. బతుకుతెరువు కోసం వెళ్లినందుకు ఆ ఊరు అర్హత కోల్పోతుంది.

ఈ విషయంలో రెండు జిల్లాల అధికారులు ముందుగా సంప్రదించుకొని, వలస వెళ్లిన కుటుంబాల వివరాలు ఇచ్చిపుచ్చుకొనుటకు ఏ నిబంధనా అడ్డు కాదు. బడి పిల్లల హాజరు పట్టీలు, ఉపాధి హామీ జాబ్ కార్డులు, రేషన్ పోర్టబిలిటీ వివరాలు ఇప్పటికే ఉన్నాయి. ఎక్కడ గుడిసెలు వేస్తారో గ్రామ సచివాలయ సిబ్బందికి ఏటా తెలిసినదే.

2011 తరువాత జరిగిన మార్పులు ఇంకా ఉన్నాయి. 2013 డిసెంబరు 7న ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు ముంపులో, వజ్రాల గనులతో చరిత్రకెక్కిన కొల్లూరుతో సహా కృష్ణ ఒడ్డు గ్రామాలు పాత స్థలం విడిచి పునరావాస కాలనీలకు తరలినవి. 2011 పట్టికలో వాటి అంకెలు పాత చోటనే ఉన్నాయి. పునరావాస కాలనీ ఏ ఆవాసం పేరున రోడ్డు కోరాలి అన్నది కాగితం మీద సులభమైన ప్రశ్న కాదు. ఇటు తుళ్లూరు ప్రాంతంలో రాజధానికి భూములు సమీకరించిన 29 గ్రామాలలో 2015 తరువాత వ్యవసాయ కూలీల జీవనమే మారిపోయినది. ఆ గ్రామాల 2011 అంకెలను నేటి రవాణా అవసరానికి ఆధారం చేయడం సాధ్యం కాదు.

కృష్ణ ఒడ్డున అచ్చంపేట మండలం మాదిపాడు వంటి గ్రామాలది వేరొక పరిస్థితి. అక్కడి నుండి ఎదుటి ఒడ్డున ఉన్న ముక్త్యాలకు బల్లకట్టు నడుస్తుంది. మనుషులు, మోటారు సైకిళ్లు, సరుకు బండ్లు దాని మీదనే దాటుతాయి. ఎగువ నుండి వరద నీరు వదిలితే బల్లకట్టు ఆగిపోతుంది. ఎదురుగా కనబడే ఊరికి చుట్టుదారిన పదుల కిలోమీటర్లు ప్రయాణించాలి. మాదిపాడుకు రోడ్డు ఉన్నదా అంటే ఉన్నది. వారి వైద్యం, వ్యాపారం, బంధుత్వం మాత్రం సగం నది అవతల ఉన్నది. రోడ్డు ఉన్న, లేని గ్రామాలు అన్న రెండు గడులలో ఇటువంటి గ్రామం దేనిలో ఇమడాలో తెలియదు.

రికార్డులో ఏమి చూడాలి

జనాభా లెక్కల శాఖ జిల్లాల వారీగా ప్రచురించే గ్రంథంలో గ్రామ సౌకర్యాల పట్టిక ఉంటుంది. దీనిని పాత్రికేయులు తగినంతగా వినియోగించుకొనుట లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2011 పట్టికలో ప్రభుత్వ బస్సు, ప్రైవేటు బస్సు, రైల్వే స్టేషను, ఆటోలు, టాక్సీలు, ట్రాక్టర్లు, పశువులు లాగే బండ్లు, పడవ సౌకర్యం అని వేర్వేరు గడులు ఉన్నాయి. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా రోడ్డు, పక్కా రోడ్డు, కచ్చా రోడ్డు, కాలిబాటలకు కూడ గడులు ఉన్నాయి. సౌకర్యం గ్రామంలో లేనిచోట అది 5 కిలోమీటర్లలోపు ఉన్నదా, 5 - 10 మధ్య ఉన్నదా, 10 దాటి ఉన్నదా అన్నది అక్షర సంకేతంతో సూచిస్తారు.

ఈ పట్టికలో బస్సు "ఉన్నది" అని నమోదైతే అది రోజుకు ఒకసారి వచ్చేదా, గంటకొకటి వచ్చేదా తెలియదు. ప్రధాన గ్రామానికి వచ్చే బస్సు తండాకు కూడ వచ్చినట్లే నమోదవుతుంది. 5 కిలోమీటర్లలోపు అన్నది వేసవిలో నడిచే 5 కిలోమీటర్లా, శ్రావణ మాసంలో వాగు దాటే 5 కిలోమీటర్లా తెలియదు. విద్యా హక్కు చట్టం నియమాల ప్రకారం 1 కిలోమీటరులోపు ప్రాథమిక పాఠశాల, 3 కిలోమీటర్లలోపు ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలన్న దూరం కూడ ఇటువంటిదే. కావున పట్టికను తుది సాక్ష్యంగా కాక, క్షేత్ర పరిశీలన ప్రారంభించుటకు ఆధారంగా తీసుకొనుట ఉచితం. 2011 పట్టికలో కచ్చా రోడ్డు మాత్రమే ఉన్న గ్రామాలను గుర్తించి, నేడు వాటి స్థితి ఏమిటో వరుసగా వ్రాసిన వార్తా కథనం జిల్లా యంత్రాంగానికి కూడ ఉపయోగపడుతుంది.

రైలు విషయం క్లుప్తంగా. గుంటూరు - నంద్యాల మార్గం నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు మీదుగా సాగుతుంది. 2011 - 12లో మంజూరైన సుమారు 309 కిలోమీటర్ల నడికుడి - శ్రీకాళహస్తి మార్గం పూర్తిగా అందుబాటులోకి వస్తే దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలకు పెద్ద మార్పు. లోపలి చిన్న గ్రామానికి దీనివలన కలిగే మేలు స్టేషనుకు చేరే దారి మీద ఆధారపడి ఉన్నది.

రోడ్ల యాజమాన్యం గురించి కూడ ఒక మాట. ఒకే దారిలో కొంత పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానిది, కొంత రోడ్లు, భవనాల శాఖది, ఊరి లోపలిది గ్రామ పంచాయతీది. గోతులు పడినప్పుడు ఫిర్యాదు ఎవరికి చేయాలో గ్రామస్తులకు తెలియదు. కొన్ని సందర్భాలలో ఆ కార్యాలయాలకు కూడ తెలియదని పాత్రికేయ మిత్రులు అనడం వినడమైనది. సడక్ యోజన రోడ్లకు నిర్మించిన కాంట్రాక్టరే 5 సంవత్సరాలు నిర్వహణ చూడాలన్న షరతు ఉన్నది. రోడ్డు పక్కన పెట్టిన బోర్డు మీద ఆ తేదీ వ్రాసి ఉంటుంది. ఫిర్యాదు చేయదలచిన వారు ముందుగా చూడవలసినది ఆ బోర్డు.

జనాభా విధానంలో వచ్చిన మార్పును కూడ గమనించాలి. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థలలో పోటీకి అనర్హులన్న నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024 నవంబరులో తొలగించినది. 2019 - 21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడకు అవసరమైన 2.1 కంటె ఇది తక్కువ. పిల్లలు తగ్గి, యువకులు పట్టణానికి పోయిన చిన్న ఊరిలో వృద్ధుల వాటా పెరుగుతుంది. పింఛను ఇంటికే అందుతున్నా, బి.పి. మాత్రలకు, కంటి ఆపరేషనుకు వృద్ధులు ఊరు దాటక తప్పదు. వారు మోటారు సైకిల్ నడపలేరు. జనాభా తగ్గినదని బస్సు తీసివేసే నిర్ణయం తీసుకొనునప్పుడు, మిగిలిన జనాభా వయస్సు ఎంత అన్నది కూడ ఆ ఫైలులో ఉండాలి.

తండాలు, శివారు పల్లెలు, పునరావాస కాలనీలు జనాభా లెక్కల బ్లాకులలో తమ పేర్లతో చేరినవో లేదో సరిచూచుట, గుడిసెలకు ఎన్యూమరేటరును వెంట తీసుకొని వెళ్లే బాధ్యత ఎవరిదో నిర్ణయించుట, 500 మీటర్ల నిబంధన కింద కలుపదగిన ఆవాసాలను గుర్తించుట మండల స్థాయిలో జరుగవలసిన పనులు. పరిపాలనా సరిహద్దులు 2025 డిసెంబరు 31తో స్థిరపరచినందున, 2027 లెక్కలో ఊరి హద్దు మారదు. హద్దు లోపల ఎవరు నమోదవుతారన్నది మాత్రం, మిరప కల్లాలు ఎర్రగా పరచి ఉండే ఆ ఫిబ్రవరి మాసంలో ఎన్యూమరేటరు తిరిగిన దూరాన్ని బట్టి ఉంటుంది.